మిక్సర్ వెన్న: మా సంఘం నేర్చుకున్న లెక్క

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



మాది చంద్రగిరి మండలంలో ఒక పల్లె. మా సంఘంలో పదిమందిమి ఉన్నాం. ఆరుగురికి పాడి ఉంది. "మిక్సర్ కొని వెన్న చేస్తా ఉండారు కదా, ఎట్ల చేసేదో అందరికీ చెప్పమ్మా" అని నన్ను పిలిచినారు. చెప్తాను. మేం చేసిన తప్పు కూడా చెప్తాను. పోయిన ఏడాది మాకు బుద్ధి చెప్పింది మిషను కాదు, ఆ తప్పే.

మా అవ్వ తెల్లారుజామున లేచి కవ్వంతో చిలికేది. అది ఆచారం మాత్రమే అనుకుంటిమి. కాదు, ఆ వేళకు పెరుగు చల్లగా ఉంటుంది. పాలలో కొవ్వు సన్న సన్న బొట్లుగా, ఒక్కో బొట్టు చుట్టూ పొరతో ఉంటుంది. చిలికితే ఆ పొర చిట్లి, కొవ్వు కొవ్వును అతుక్కొని వెన్న అవుతుంది. వేడెక్కితే కొవ్వు నూనెలాగ జారి మజ్జిగలోకి పోతుంది. మరీ గడ్డకడితే అతుక్కోదు. తిరుమలలో 2021 గోకులాష్టమి నాడు మొదలైన నవనీత సేవలో కూడా దేశవాళీ ఆవుల పాల పెరుగును చిలికి స్వామికి వెన్న తీస్తారు. కవ్వమైనా, కరెంటు మిషనైనా జరిగే పని ఒకటే. మిషను మన రెక్కల నొప్పి తగ్గిస్తుంది, అంతే.

మేం కొనింది స్టాండ్ మిక్సర్. బేకరీలో కేకు పిండి కలుపుతారే, గిన్నె కింద, బీటరు పైన ఉండేది, అది. సంఘం పొదుపులో నుంచి అప్పు తీసుకొని కొంటిమి. ఇంగ చేసే విధానం వినండి.

పాల నుంచి తీసిన క్రీమును రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టాల. గిన్నె, బీటరు కూడా రొంతసేపు ఫ్రిజ్జులో పెట్టండి. చిలికేటప్పుడు క్రీము 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. మన ఎండలకు చేతి అంచనా చాలదు, ఒక థర్మామీటరు కొనుక్కోండి. గిన్నెలో సగానికి తక్కువే పోయాల, ఎందుకంటే క్రీము పొంగుతుంది.

మొదట తీగల బీటరు పెట్టి నిదానంగా మొదలుపెట్టి, తర్వాత మధ్యస్థంగా తిప్పండి. ముందు నురగ మాదిరి పొంగుతుంది. తర్వాత గట్టిపడి, రంగు రొంత పసుపుకు తిరిగి, రవ్వరవ్వగా అవుతుంది. అప్పుడు ఆపి, ఆకు మాదిరి ఉండే వెడల్పు బీటరు మార్చి, వేగం తగ్గించి, గిన్నె మీద గుడ్డ కప్పండి. బీటరు తిరిగే చోటికి మాత్రం గుడ్డ పోకుండా చూసుకోండి. వెన్న విడిపడే ఆ నిమిషంలో మజ్జిగ ఎగిరి గోడలకు చిందుతుంది. మొదటి రోజు నా చీరంతా మజ్జిగే!

ఇక్కడే మేం తప్పు చేసినాం. వెన్న జొన్నగింజలంత పూసలుగా కనపడగానే మిషను ఆపాల. మేం పెద్ద ముద్ద అయ్యేదాకా తిప్పితిమి. ముద్దయితే మజ్జిగ లోపలే చిక్కుకుంటుంది, కడిగినా బయటికి రాదు. పైపైన ఒకసారి కడిగి, తూకం వేసి అమ్మేస్తిమి. కిలో క్రీముకు 600 గ్రాముల పైనే వస్తా ఉంటే మిషను మంచిదని సంబరపడితిమి.

తిరుపతిలో ఒకామె నెయ్యి కాచుకోను మూడు కిలోలు కొనింది. వారానికి ఫోను చేసింది. కోపంగా కాదు, నిదానంగానే చెప్పింది: "మూడు కిలోలు కాస్తే నెయ్యి రెండు కిలోలే వచ్చిందమ్మా. మీ నీళ్ళకు కూడా నేను వెన్న ధరే ఇచ్చినా."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చొని లెక్క చూసుకున్నాం. క్రీములో 40 శాతం కొవ్వు ఉంటే, కిలో క్రీముకు సుమారు అర కిలో వెన్నే రావాల. మంచి వెన్నలో 80 శాతం దాకా కొవ్వు ఉంటుంది. మూడు కిలోలకు నెయ్యి 2 కిలోల 400 గ్రాములకు దగ్గరగా రావాల. అంటే మాకు ఎక్కువొచ్చిన 100 గ్రాములు మా తెలివి కాదు, నీళ్ళు.

సంఘంలో మాటామాటా పెరిగింది. "మిషను అప్పు కట్టాల, తెలిసి చేసినామా" అని ఒకరు. "తెలియక చేసినా డబ్బు తీసుకున్నాం కదా" అని ఇంకొకరు. చివరికి తీర్మానం రాసుకున్నాం. తగ్గినదానికి అర కిలో మంచి వెన్న చేసి, నేనే బస్సెక్కి ఇచ్చివస్తిని. ఆమె ఇప్పుడూ మా దగ్గరే కొంటా ఉంది.

ఆ రోజు నుంచి మా పద్ధతి ఇది. పూసలుగా ఉన్నప్పుడే మజ్జిగ వడకట్టాల. కాచి చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టిన నీళ్ళు పోసి కడగాల. నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు మార్చాల. మజ్జిగ మిగిలితే వెన్న తొందరగా పులిసి వాసన వస్తుంది. తర్వాత చెక్క గరిటెతో పళ్ళెం అంచుకు నొక్కి, వంచి, నీరంతా పిండాల. మిషను పావుగంటలో చేసే పని వెనక ఈ చేతిపని అరగంట ఉంది. తినే వెన్నకైతే కిలోకు 10 నుంచి 15 గ్రాముల ఉప్పు. నెయ్యికైతే ఉప్పు వద్దు.

ప్రతి వాయికీ 100 గ్రాములు తీసి కాచి, నెయ్యి తూకం వేస్తాం. 80 గ్రాములకు దగ్గరగా వస్తేనే అమ్మకానికి. తగ్గితే మళ్ళీ పిసికి పిండుతాం. తేదీ, క్రీము, వెన్న, నెయ్యి, నాలుగూ పుస్తకంలో రాస్తాం.

పాల లెక్క కూడా చూసుకోండి. 4 శాతం కొవ్వుండే ఆవుపాలు 10 లీటర్లలో కొవ్వు సుమారు 400 గ్రాములు. వెన్న అర కిలోకు మించదు. క్రీము తీసిన పాలు పెరుగు, మజ్జిగ చేసి అమ్మితేనే గిట్టుబాటు. ఆ పాలను మంచి పాలలో కలిపి కేంద్రానికి పోయకూడదు, అది ఇంకో మోసం. అమ్మకం మొదలుపెట్టే ముందు ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

మిక్సరుకు అప్పు పెట్టాలనుకునే సంఘాలకు నా మనవి ఒకటే. ముందు మా ఊరికి రండి. మీ క్రీము మీరే తెచ్చి, మా మిషనులో ఒక వాయి చిలికి, 100 గ్రాములు కాచి చూసుకోండి. ఆ లెక్క మీకు నచ్చితే అప్పుడు అప్పు మాట. మిషను చెడిపోతే బాగుచేసేవాళ్ళు ఉంటారు. సంఘం పేరు చెడితే మనమే మోయాల.