పసిగుడ్డు నెత్తికి కుల్లాయి

షాద్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లల్లో బాలింతలున్న ఇండ్లకు ఈ నాలుగు మాటలు.

పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. ఆ తల తడిగా ఉంటే ఒంట్లో వేడి అటునుంచి త్వరగా పోతుంది. అందుకే పుట్టగానే తుడిచి, తల్లి ఎదమీద పడుకోబెట్టి, నెత్తికి కుల్లాయి పెడతారు. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం.

కొనేటప్పుడు మెత్తటి నూలుదే తీసుకోండి అమ్మా. పూసలు, కుచ్చులు, గడ్డం కింద దారాలు ఉన్నవి ముచ్చటగానే ఉంటాయి. కానీ దారం మెడకు బిగుసుకుంటుంది, పూస ఊడి నోట్లోకి పోతుంది. అవి వద్దు. టోపీ తీయగానే నుదుటి మీద ఎర్రటి గీత కనబడిందా? అది బిగుతైనట్టే, మార్చండి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కూడా ఉన్ని టోపీ పెడితే బిడ్డ ఉడికిపోతుంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే వెంటనే తీసేయండి. బయటికి పోక తప్పకపోతే వెడల్పు అంచున్న పల్చటి టోపీ పెట్టండి. ఆరు నెలల్లోపు బిడ్డకైతే నీడే మేలు.

ఇంకొక్కటి. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసెయ్యండి. అది జారి ముక్కును మూసెయ్యొచ్చు. నెల తక్కువ బిడ్డయితే మాత్రం డాక్టరు చెప్పినట్టే చెయ్యండి.