ఇంట కట్టిన విమానము – ఇంజను మొరాయించినప్పుడు



విమానమనగానే పెద్ద కర్మాగారము, వేలకొలది పనివారు, కోట్ల రూపాయల వ్యయము మనస్సునకు తోచుట సహజము. కాని లోకములో మరియొక జాతి విమానములు కలవు. బడిపంతులు, వైద్యుడు, వడ్రంగి, పింఛను పుచ్చుకొను గుమాస్తా మున్నగువారు సాయంకాలములందును సెలవు దినములందును ఇంటి వెనుక కొట్టములో కూర్చుండి, ఏండ్ల తరబడి స్వహస్తములతో కట్టుకొన్న చిన్న విమానములవి. అమెరికాలో 1953వ సంవత్సరమున పాల్ పోబరెజ్నీ అను నాతడు ఇట్టివారిని ఒక్కచోట చేర్చి ఒక సంఘమును స్థాపించెను. పనిలో సగము కంటె ఎక్కువ భాగమును ఔత్సాహికుడే స్వయముగా చేసియుండవలెనని అచ్చటి ప్రభుత్వ నిబంధన. భారతదేశమున ముంబయి నగరములో అమోల్ యాదవ్ అను పైలటు తాను నివసించు భవనము పైకప్పు మీదనే ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించెను. దానికి 2017లో ప్రభుత్వపు రిజిస్ట్రేషను లభించెను. ఆ విమానము కట్టుటకు పట్టిన కాలమెంతో, దాని ఫైలు కదలుటకు పట్టిన కాలమెంతో ఈ సభలోనివారు సులభముగా ఊహింపగలరు.

అయితే నేటి ప్రసంగమునకు విషయము నిర్మాణగాథ కాదు. అట్టి విమానములో ఇంజను మొరాయించినప్పుడు కారణమును వెదకు పద్ధతి.

మోటారుకారు ఆగినచో త్రోవప్రక్కకు నెట్టి చెట్టు నీడను నిలబడవచ్చును. ఒకే ఇంజను గల చిన్న విమానము ఆగినచో అట్టి సదుపాయము లేదు. అది రాయివలె పడిపోదు. రెక్కలున్నవి గనుక జారుచు దిగును. కాని వేయి అడుగుల ఎత్తున ఇంజను ఆగినచో పైలటునకు మిగులు వ్యవధి ఒకటి రెండు నిమిషములు మించదు. ఔత్సాహిక విమానముల ప్రమాదములను గూర్చి అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో ఒక అధ్యయనమును ప్రకటించెను. ఇంజను శక్తి నశించుట, విమానము చోదకుని అదుపు తప్పుట – ఈ రెండే ప్రమాదములలో తరచుగా కానవచ్చినవి. కొత్తగా కట్టిన విమానము తొలి గంటలలోను, ఒకరు కట్టినదానిని మరియొకరు కొన్న తొలిదినములలోను అపాయము హెచ్చుగా ఉన్నట్లును అందు తేలెను.

ఇచ్చట ఒక విచిత్రము కలదు. ఇంజను ఆగెనని అందరు అందురు గాని, విప్పి చూచినప్పుడు పెక్కుసారులు ఇంజను నిర్దోషి. దానికి పెట్రోలు తెచ్చు గొట్టము, గాలి తెచ్చు త్రోవ, టాంకు మూతలోని చిన్న రంధ్రము, ఒక తీగ, ఒక మర – ఇవియే దోషులు. ఇంజను కర్మాగారము నుండి వచ్చినది. చుట్టునున్న అమరిక మాత్రము కట్టినవాని చేతిపని. అందుచేతనే అతడు దానిని కడపట అనుమానించును. తాను వ్రాసిన ముసాయిదాలోని తప్పు తన కంటికి కనబడదు. ప్రక్కబల్ల వానికి మొదటి పంక్తిలోనే కనబడును. కట్టిన చేయియే పరీక్షించు చేయి అయినప్పుడు కలుగు చిక్కు ఇదియే.

మొట్టమొదటి విమానమే ఔత్సాహికుల నిర్మాణము గదా. డేటన్ పట్టణములో సైకిళ్ల వ్యాపారము చేసికొను రైట్ సోదరులకు తగిన తేలిక ఇంజనును ఇచ్చుటకు మోటారు కంపెనీలు ముందుకు రాలేదు. వారి దుకాణములోని మెకానిక్ చార్లీ టెయిలర్ ఆరు వారములలో నాలుగు సిలిండర్ల ఇంజనును తయారుచేసెను. దానికి నేటి కార్బురేటరు వంటిది లేదు. పెట్రోలు ఒక చిన్న అరలోనికి కారి, ఆ వేడికి ఆవిరియై గాలిలో కలియును. 1903 ఫిబ్రవరి 13వ తేదీన పరీక్షలో బేరింగులు పట్టుకొనిపోయి అల్యూమినియపు పెట్టె పగిలెను. మరల పోత పోయించి, వసంతకాలములో ఇంజనును తిరిగి నడిపించిరి. అది సుమారు 12 అశ్వశక్తి ఇచ్చెను.

నవంబరులో కిల్ డెవిల్ హిల్స్ ఇసుక దిబ్బల మీద అసలు పరీక్ష ఆరంభమయ్యెను. ఇంజను సమముగా నడువక కుదుపులతో లాగుటచే ప్రొపెల్లరు ఇరుసులు మెలిపడెను. వానిని డేటన్ పంపి బాగుచేయించిరి. అవి తిరిగివచ్చిన పిమ్మట పండ్ల చక్రములు వదులగుట మొదలయ్యెను. ఎంత బిగించినను నిలువలేదు. కడకు సైకిలు టైర్లను అంటించు బంకను కాచి మరలలో పోసిరి. చక్రములు కదలుట మానెను. కొట్టులో చేతికందు వస్తువు గొప్పదా, ఖరీదైన వస్తువు గొప్పదా అను వాదమునకు ఇది మంచి దృష్టాంతము. నవంబరు 28వ తేదీన ఒక ఇరుసున వెండ్రుకవంటి పగులు కనబడెను. దానిని అతికి ఎగురవచ్చునని వారు తలపలేదు. ఆర్విల్ రైలెక్కి డేటన్ పోయి, బోలు గొట్టపు ఇరుసులకు మారుగా గట్టి స్ప్రింగు ఉక్కుతో ఘనమైన ఇరుసులను చేయించుకొని డిసెంబరు 11వ తేదీకి తిరిగివచ్చెను. చలికాలము మీదికి వచ్చుచున్నను తొందరపడలేదు. డిసెంబరు 17వ తేదీన మొదటిసారి 12 సెకండ్లు, నాలుగవసారి 59 సెకండ్లు ఆకాశమున నిలిచిరి. ఆ 59 సెకండ్లకు వెనుక ఉన్న నెలన్నర నేల మీద జరిగినదే; లోపములన్నియు నేలమీదనే బయటపడుట వారి అదృష్టము కాదు, నేలమీద బయటపడువరకు ఇంజనును త్రిప్పి చూచుట వారి ఓపిక.

ఇక పద్ధతి. పొయ్యి మండుటకు కట్టె, గాలి, నిప్పు ఎట్లో, ఇంజనునకు పెట్రోలు, గాలి, నిప్పురవ్వ అట్లు. మూడింటిలో ఏది తప్పినదో తెలిసికొనుటకు అనుభవజ్ఞుడు వేయు మొదటి ప్రశ్న ‘ఏమైనది?’ అని కాదు, ‘ఎప్పుడైనది?’ అని. నెమ్మదిగా తిరుగునప్పుడు వణకి, పూర్తి శక్తితో నడుపునప్పుడు సర్దుకొనునా? అట్లయినచో గాలిగొట్టపు అతుకులో సందుండి బయటిగాలి దూరుచున్నదని అనుమానింపవలెను. నెమ్మదిగా తిరుగువేళ గొట్టములో పీల్పు హెచ్చు, లోనికిపోవు మిశ్రమము స్వల్పము. కావున చిన్న సందే పెద్ద చెరుపు చేయును. ఇందుకు విరుద్ధముగా, నేలమీద చక్కగా తిరిగి, ముక్కు పైకెత్తి ఎక్కునప్పుడు నీరసించునా? అప్పుడు పెట్రోలు చాలినంత అందుటలేదు. జల్లెడలో లోహపు పొట్టు, గొట్టములో అతుకుబంక పేలిక, వేడి ఎగ్జాస్టు ప్రక్కగా పోవు గొట్టములో పెట్రోలు ఆవిరియై బుడగలగుట – కారణమేదైనను వెదకవలసిన దిక్కు అదియే. నూనె డబ్బాకు ఒకే రంధ్రము చేసినచో ధార గుటకలు వేయుచు ఆగునని ప్రతి ఇల్లాలికి తెలియును. రెండవ రంధ్రము చేసినగాని గాలి లోనికిపోదు, నూనె బయటికి రాదు. విమానపు టాంకునకును అంతే. గాలి రంధ్రములో కందిరీగ మట్టిగూడు పెట్టినను చాలును.

అందుకే తొలిసారి ఎగురుటకు ముందు విమానపు తోకను దించి, ముక్కును ఎక్కు కోణమునకు ఎత్తి, కార్బురేటరు చెంత గొట్టమును ఊడదీసి, నిమిషమునకెంత పెట్రోలు వచ్చుచున్నదో కొలిచి చూతురు. ఎత్తునుండి తనంత తానుగా దిగు అమరికయైనచో ఇంజను పూర్తి శక్తితో త్రాగుదానికి ఒకటిన్నర రెట్లును, పంపుతో వచ్చునదైనచో ఒకటింబావు రెట్లును రావలెను. బకెట్టు, గడియారము తప్ప వేరు పరికరము అక్కరలేని ఈ పరీక్ష ఎందరి ప్రాణములనో నిలుపగలదు.

నిప్పురవ్వ సంగతి మరింత తమాషా. విమానపు ఇంజనులో ప్రతి సిలిండరునకు రెండేసి ప్లగ్గులు, వానికి రెండు వేరు మాగ్నెటోలు ఉండును. బయలుదేరుటకు ముందు ఒక్కొక్కదానిని ఆపి చూచినప్పుడు చుట్ల వేగము నిమిషమునకు కొంత తగ్గవలెను. సాధారణముగా 125 నుండి 175 వరకు తగ్గుదలను అనుమతింతురు. మిక్కిలి తగ్గినచో దోషమని ఎవరికైనను తోచును. కాని ఏమాత్రము తగ్గకున్నచో కొత్తవాడు సంతోషించును! నిజమునకు అది ఎక్కువ భయంకరము. స్విచ్చి ఆపినను మాగ్నెటో ఆగలేదని, భూమితీగ తెగినదని దాని అర్థము. అట్టి ఇంజను ఆగియున్నప్పుడు ప్రొపెల్లరును చేతితో కదిపినను ఒక్కసారిగా రగులుకొని, దగ్గరనున్నవాని చేతినో తలనో బలిగొనవచ్చును.

అన్నింటికంటె మాయావి కార్బురేటరులోని మంచు. కొత్తకుండలో నీరు ఆవిరియగుటచే మిగిలిన నీరు చల్లబడునట్లు, కార్బురేటరు ఇరుకుగొంతులో పెట్రోలు ఆవిరియగునప్పుడు గాలి ఇరువది డిగ్రీలకు పైగా చల్లబడగలదు. అందుచేత బయట 25 డిగ్రీల వెచ్చదనమున్నను, గాలిలో తేమ హెచ్చినచో లోపల మంచు పేరుకొని గాలిత్రోవను మూసివేయును. ఎగ్జాస్టు చుట్టునుండి వేడిగాలిని మళ్లించుట దీనికి మందు. ఆ మందు వేయగానే కరగిన నీరు ఇంజనులోనికి పోయి అది ఇంకను దగ్గును, తడబడును. అనుభవము లేనివాడు బెదిరి పిడిని వెనుకకు త్రోసివేయును. ఓర్పుతో కొన్ని క్షణములు పట్టియుంచినవానికి శక్తి తిరిగివచ్చును. పొలములో దిగిన విమానమును అరగంట తరువాత పరీక్షించినచో ఇంజను దివ్యముగా తిరుగును. సాక్ష్యము కరగి నేలపాలైనది. బరువు తగ్గించు ఆశతో ఈ వేడిగాలి పెట్టెనే మానివేయు నిర్మాతలు లేకపోలేదు. ఆ పొదుపు క్షమింపరానిది.

కారణము దొరకనప్పుడు ఉత్సాహవంతుడు ప్లగ్గులు మార్చును, కార్బురేటరు కడుగును, తీగలు బిగించును – అన్నియు ఒక్క ఉదయముననే. ఇంజను చక్కబడును. ఏ మందుకు రోగము కుదిరెనో ఎవరికిని తెలియదు. మరుసటి నెలలో ఆరువందల అడుగుల ఎత్తున అదే రోగము తిరుగబెట్టినప్పుడును తెలియదు. ఒకసారికి ఒక్కటియే మార్చి, త్రిప్పి చూచి, పుస్తకములో తేదీతో వ్రాసికొనుట నెమ్మది పనియే గాని వేరు త్రోవ లేదు.

కొన్నిచోట్ల లోపము లోహములో కాక అమరికలో దాగియుండును. 1997 అక్టోబరు 12వ తేదీన ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరమున మాంటెరే అఖాతములో కూలి మరణించెను. ఆతడు నడిపినది బర్ట్ రుటాన్ రూపకల్పన చేసిన లాంగ్ ఈజీ. వేరొకరు కట్టగా తాను కొత్తగా కొనినది. ఒక టాంకు నుండి మరియొక టాంకునకు మార్చు పిడి రుటాన్ పటములో పైలటు కాళ్ల నడుమ ఉన్నది. కట్టినవాడు దానిని పైలటు ఎడమ భుజము వెనుక అమర్చెను. పిడి బిగుసుగా తిరుగును. దానిపై గుర్తులు లేవు. పెట్రోలు మట్టము చూపు గొట్టములకును గుర్తులు లేవు. ఆనాడు పెట్రోలు నింపించుకొనక బయలుదేరుటయు జరిగెను. పిడికొరకు వెనుకకు తిరుగుటలో కుడికాలు చుక్కాని పెడలును త్రొక్కి విమానము అదుపు తప్పెనని భద్రతా మండలి నిర్ణయించెను. ఆ పిడిని అక్కడ పెట్టినవాడు దానిని నేలమీద తీరికగా త్రిప్పి చూచియుండును. గాలిలో, ఇంజను ఆగుచుండగా, అపరిచితుడు త్రిప్పునని తలపలేదు.

అదే రుటాన్ రూపొందించిన వాయేజర్ 1986 డిసెంబరులో మధ్య ఎచ్చటను దిగక, పెట్రోలు నింపుకొనక తొమ్మిది దినములలో భూగోళమును చుట్టివచ్చెను. కడపటి రాత్రి నడుచుచున్న వెనుక ఇంజను పెట్రోలు అందక ఆగెను. ఆపియుంచిన ముందు ఇంజను రగులుకొనువరకు డిక్ రుటాన్, జీనా యేగర్ చీకటిలో సముద్రము వైపునకు జారుచుండిరి. అప్పుడును ఇంజనులో దోషము లేదు. దానికి అన్నము పెట్టు త్రోవలోనే దోషము.

కట్టినవాని కన్నునకు తోడుగా మరియొక కన్ను కావలెనని అమెరికాలోని ఔత్సాహిక సంఘము గ్రహించెను. అనుభవము గల సభ్యులు ఉచితముగా వచ్చి, రేకు మూయకముందే గొట్టములను, తీగలను పరీక్షించి పోవు ఏర్పాటు అందు కలదు. కొత్త విమానము తొలి 25 లేక 40 గంటలు జనసమ్మర్దము లేని ప్రదేశములందే ఎగురవలెనని సాధారణ నియమము. ఆ గంటలలో పైలటు ఒంటరిగానే ఉండవలెనను కట్టుబాటును 2014లో సడలించి, అర్హతగల రెండవ పైలటును వెంట తీసికొనిపోవుటకు ప్రభుత్వము అనుమతించెను. ఒకడు కఱ్ఱ పట్టి విమానమును నడుపుచుండగా రెండవవాడు ముండ్లను చూచుచు అంకెలు వ్రాసికొనును.