కుడితి తొట్టి నుంచి చేపల చెరువు దాకా

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన పెద్దవాళ్లు బియ్యం కడిగిన నీళ్లు పారబోసేవారు కాదు. గంజి, తవుడు, కూర తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకే. గేదె తాగి పాలిచ్చేది. మనకి పనికిరానిది మరో ప్రాణికి బలం. ఇవాళ నేను చెప్పబోయేదీ అలాంటి సంగతే. కాకపోతే ఇక్కడ తినేది గేదె కాదు, చెరువులో చేప.

కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి పెంచేవాళ్లకి నూనె తీసిన తవుడే ముఖ్యమైన మేత. సంచికి చిల్లులు పెట్టి, మేత నింపి, నీళ్లలో పాతిన కర్రకి కడతారు. చేపలు ఆ చిల్లుల దగ్గర చేరి తింటాయి. అయితే ఆ తవుడులో మాంసకృత్తులు నూటికి పదిహేను పాళ్లే. పెరిగే చేపకి పాతికకు తగ్గకుండా కావాలి. ఆ లోటు వేరుశనగ చెక్కతో పూడుస్తారు. చెక్క ధర మీకు తెలిసిందే! పెంపకం ఖర్చులో సగం పైన మేతకే పోతుంది.

మా మరిదికి రెండెకరాల చెరువుంది. జమాఖర్చుల పుస్తకం రాసేది నేను. కిందటేడు అతను డీడీజీఎస్ అనే మేత తెచ్చాడు. పేరు విని బెదరకండి. నూకల్నో, మొక్కజొన్ననో పులియబెట్టి ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిని ఎండబెడితే అదే. గింజలోని పిండిపదార్థం సారాగా మారిపోతుంది, మాంసకృత్తులు మిగులుతాయి. మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే కదా, అది పోగా మిగతావి మూడింతలు చిక్కబడతాయి. అందుకే మొక్కజొన్న పిప్పిలో మాంసకృత్తులు నూటికి 27 నుంచి 30 పాళ్లు, బియ్యపు పిప్పిలో 40 దాకా ఉంటాయి. ధరా చెక్క కంటే తక్కువే పడింది.

కానీ అక్కయ్యలూ, చిక్కబడేది మంచి ఒక్కటే కాదు. గింజకి ముందే బూజు పట్టి ఉంటే ఆ బూజు విషం, అఫ్లాటాక్సిన్, అదీ మూడింతలవుతుంది.

వానాకాలంలో మా పాకలో అడుగు బస్తాలు రెండు చెమ్మకి గడ్డకట్టాయి. విప్పితే ముక్క వాసన. "చేపలకేగా వదినా, ఉడకబెట్టి వేసేద్దాం" అన్నాడు మరిది. వద్దన్నాను. ఉడకబెడితే బూజు చస్తుందేమో గాని దాని విషం పోదు. 1960 ప్రాంతంలో అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకి కాలేయంలో పుట్టకురుపులు లేచాయి. కారణం వెతికితే మేతలో కలిపిన పత్తిగింజల చెక్కలోని ఈ విషమేనని తేలింది. ఆ రెండు బస్తాలూ పశువులు తవ్వలేనంత లోతున పూడ్పించాం. నష్టం కింద వాటి ఖరీదు రాయబోతే నాకు చెయ్యాడలేదు. అయినా రాశాను.

బస్తాలు దులిపేదీ, సంచులు కుట్టేదీ మనమే గనక నాలుగు మాటలు చెబుతాను. కొనేటప్పుడు గుప్పెడు తీసి వాసన చూడండి. మాడు వాసన వేసినా, నల్లబడినా తీసుకోకండి. బస్తాలు గోడకి ఆనించకుండా చెక్కబల్లల మీద పేర్చండి. వానాకాలానికి నిలవ పెట్టకండి. చెక్క మొత్తం ఒక్కసారే మాన్పించకుండా కొంచెం కొంచెంగా మార్చి, సంచి రోజూ ఖాళీ అవుతోందో లేదో చూడండి. గింజల పిప్పిలో లైసిన్ తక్కువ, వేరుశనగ చెక్కలోనూ అంతంతే. కాస్త సోయా చెక్క కలిపితే ఆ లోటు తీరుతుంది.

మిగిలిందాన్ని వాడుకోవడం పొదుపే. చెడిందాన్ని వాడుకోవడం మాత్రం పొదుపు కాదు. కుడితి తొట్టి దగ్గర మా అత్తగారు చెప్పిన మాటే చెరువు గట్టు మీదా పనికొచ్చింది.

సెలవు.