యంత్రం నిద్ర లేచే వేళ



తెల్లవారుజామున ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు? ఆదోనిలో అడిగినా, ఎమ్మిగనూరులో అడిగినా జవాబు ఒక్కటే, ఇల్లాలు. అందరూ నిద్రపోతూండగా ఆమె ఒక్కతే లేచి, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, సిలిండరులో గ్యాస్ ఉన్నదా, ఉగ్గానికి డబ్బాలో బొరుగులు ఉన్నాయా అని చూసుకొంటుంది. ఆ తరువాతనే ఒక్కొక్కరినీ తట్టి లేపుతుంది. పిల్లల చదువుకనో, దుకాణం లెక్కలకనో మన ఇళ్లకు వచ్చిన కంప్యూటరు కూడా మీట నొక్కగానే ఇదే పని చేస్తుంది. ఆ సంగతి తెలిసి ఉంటే మనకు డబ్బు కూడా మిగులుతుంది. అదెలాగో చూద్దాం.

కంప్యూటరును నడిపించే పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అందులో ముఖ్యమైన భాగం కెర్నెల్. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టి అందరికీ పంచిపెట్టిన లినక్స్ కెర్నెల్ మీదనే ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లు నడుస్తున్నాయి.

మీట నొక్కిన క్షణాన కెర్నెల్‌కు తన ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలియదు. బోర్డు మీద శాశ్వతంగా ఉండే ఒక చిన్న ప్రోగ్రాము మెమరీని సరిచూసి, కెర్నెల్‌ను అందులోకి తెచ్చే ఏర్పాటు చేస్తుంది. యంత్రంలో నాలుగు ప్రాసెసర్లు ఉన్నా, ఎనిమిది ఉన్నా, అప్పటికి పనిలో ఉండేది ఒక్కటే. బోర్డు ప్రోగ్రాము ఇచ్చిన పట్టిక చదివి కెర్నెల్ మిగిలినవి ఎన్నో తెలుసుకొంటుంది. ఒక్కొక్కదానికీ సంకేతం పంపి లేపుతుంది. లేచి పలికినదానికే పని అప్పగిస్తుంది. వందల ప్రాసెసర్లున్న పెద్ద యంత్రాల్లో ఇలా ఒకదాని తరువాత ఒకటి లేపితే ఆలస్యమవుతున్నదని, 2023లో వచ్చిన లినక్స్ 6.5లో ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో చాలావాటిని ఒకేసారి లేపే పద్ధతి తెచ్చారు.

తరువాత పరికరాల వంతు. ఆదోని మార్కెట్టులో పత్తి కుప్పలు వరుసగా ఉంటాయి. ఏది ఎవరిదో తెలియకపోతే బేరం సాగుతుందా? కంప్యూటరులోనూ అంతే. పీసీఐ అనే దారి వెంట ఒక్కొక్క గడినీ కెర్నెల్ పలకరిస్తుంది. అక్కడున్న పరికరం రెండు నంబర్లు చెబుతుంది. ఒకటి తయారు చేసిన కంపెనీది, రెండవది ఆ రకం వస్తువుది. ఇంటెల్ కంపెనీ నంబరు 8086. 1978లో తాము తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే వారికి ఇంటిపేరు అయింది! ఖాళీ గడి ఏమీ పలకదు. కెర్నెల్ ముందుకు సాగిపోతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ రోజుల్లో ఈ సౌకర్యం లేదు. చీకట్లో అగ్గిపెట్టె వెతికినట్లు తడుముకోవలసి వచ్చేది. తగలరానిది తగిలితే యంత్రమే బిగుసుకుపోయేది. ఫోనులోనేమో బోర్డుకు అతికించిన భాగాలు చాలావరకు తమ పేరు తాము చెప్పుకోలేవు. అందుకని తయారు చేసినవారే డివైస్ ట్రీ అనే జాబితా రాసి పెడతారు, అత్తగారు కొత్త కోడలికి ఏ డబ్బాలో ఏమున్నదో చెప్పినట్లు.

పేరు తెలిస్తే సరిపోదు. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. మగ్గం ఉన్నంత మాత్రాన చీర దిగదని అక్కడి ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? నేయడం తెలిసిన చెయ్యి కావాలి. పరికరానికి ఆ చెయ్యే డ్రైవర్ అనే ప్రోగ్రాము. పరికరం చెప్పిన నంబర్లను బట్టి కెర్నెల్ తగిన డ్రైవర్‌ను వెతికి జత చేస్తుంది.

ఇక మన అవసరానికి వద్దాం. కంప్యూటరులో పాఠం వినపడడం లేదనుకోండి. బాగుచేసేవాళ్లు "బోర్డు పోయిందమ్మా, మార్చాలి" అంటారు. వేలతో పని! సరే అనేముందు, విండోస్‌లో డివైస్ మేనేజర్ అనే జాబితా తెరిపించండి. అదే యంత్రం హాజరుపట్టీ.

అందులో శబ్దపు పరికరం పేరే లేకపోతే అది పలకలేదన్నమాట. బోర్డు ప్రోగ్రాములో దానిని ఆపి ఉంచారేమో, విడి కార్డయితే వదులయిందేమో చూడమనండి. అవి సరిగా ఉన్నా పలకకపోతేనే చెడిందని అనుమానించాలి. పేరు ఉండి పక్కన పసుపు గుర్తు ఉంటే, పరికరం పలికింది గాని పని సాగడం లేదు. చాలాసార్లు లోపం డ్రైవర్‌లో ఉంటుంది. దాన్ని మళ్లీ వేయిస్తే సాధారణంగా కొత్త వస్తువు కొనే పని ఉండదు. పేరు ఉండి ఏ గుర్తూ లేకపోతే, ముందు స్పీకరు తీగ, శబ్దం తగ్గించే మీట చూసుకోండి.

బియ్యంలో రాయి ఉన్నదో లేదో చేటలో పోసి చూడందే మనం ఒప్పుకోము. యంత్రం విషయంలో మాత్రం ఎదుటివారి మాటే వేదమని ఎందుకనుకోవాలి? ఈసారి మరమ్మతుకు వచ్చిన అబ్బాయి స్క్రూడ్రైవరు తీయబోతే, "నాయనా, ముందు ఆ జాబితా చూపించు, ఎవరు పలికారో ఎవరు పలకలేదో చూద్దాం" అనండి.