హద్దురాయికి అవతల

  పట్టాలు అందుకుంటున్న మీతో, చాలాకాలంగా నన్ను పట్టి ఉన్న ఒక్క బెంగ గురించే మాట్లాడతాను. అటవీశాఖలోనో, వ్యవసాయశాఖలోనో, పరిశోధన సంస్థలోనో రేపు మీరెక్కడ కూర్చున్నా మీ ముందు ఒక పటం ఉంటుంది. అందులో అభయారణ్యాలకు పచ్చరంగు వేసి ఉంటుంది, మిగతా నేల ఖాళీగా కనిపిస్తుంది. మన వన్యప్రాణులు ఉంటాయా పోతాయా అన్నది ఆ పచ్చటి ముక్కల్లో కన్నా ఆ ఖాళీలోనే ఎక్కువగా తేలబోతోందని నేను నమ్ముతున్నాను.

రోళ్లపాడు సంగతి చూడండి. ఇప్పటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం అది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. అక్కడ గడ్డినేలను కాపాడారు, కాపలా పెట్టారు. కానీ బట్టమేక హద్దుల లోపలే బతికే పక్షి కాదు. చుట్టుపక్కల మెట్ట పొలాల్లో, బీళ్లలో తిరిగి మేసేది. కాలువ నీళ్లు వచ్చాక ఆ పొలాల్లో పంటల తీరు మారింది, బీళ్లు తగ్గాయి. లోపల గడ్డి మిగిలింది, పిట్ట కనబడకుండా పోయింది. దీనికి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. అయితే నీళ్లొచ్చాక రెండో పంట వేసుకున్న రైతును తప్పుపట్టడం అన్యాయం. అంత విశాలంగా తిరిగే పక్షికి ఆరు చదరపు కిలోమీటర్లు చాలుననుకున్న మన లెక్కే తప్పు. ఇంటికి తాళం వేసి, బావికి వెళ్లే దారి మూసేశాం.

వాతావరణ మార్పు ఈ తప్పును ఇంకా పెద్దది చేస్తోంది. 1901 నుంచి 2018 నాటికి మన దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. ఎండలు ముదిరి, వానల వేళ తప్పినప్పుడు జంతువు చేయగలిగిన మొదటి పని చోటు మారడం. హిమాలయాల్లోనైతే వంద మీటర్లు పైకి ఎక్కితే అర డిగ్రీకి పైగా చల్లదనం దొరుకుతుంది. మన తూర్పు కనుమలను గోదావరి, కృష్ణా, పెన్నా ముక్కలుగా కోశాయి. నల్లమల శిఖరాలు వెయ్యి మీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతాయి. ఎక్కడానికి కొండ లేని చోట, మైదానంలో అదే ఊరట కోసం పదుల కిలోమీటర్లు, ఒక్కోసారి వందల కిలోమీటర్లు పోవాలి. ఆ దారి అంతా రోడ్లు, కాలువలు, కంచెలు. జంతువులు మంచుయుగాలనే దాటి వచ్చాయి కదా, ఈ మార్పునూ తట్టుకుంటాయని కొందరంటారు. నిజమే, దాటాయి. కానీ చాలామటుకు వలసపోయి దాటాయి. అప్పుడు వాటి దారికి అడ్డంగా నాలుగు వరుసల రహదారి లేదు.

నేలపట్టుదీ ఇదే కథ. తిరుపతి జిల్లాలో 458 హెక్టార్లలో ఉన్న ఆ చిన్న అభయారణ్యంలో గూడబాతులు చెరువులోని చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలకు పెట్టే చేపలు మాత్రం పులికాట్ సరస్సు నుంచి, చుట్టుపక్కల చెరువుల నుంచి తెస్తాయి. ఈశాన్య రుతుపవనం వేళకు రాకపోతే గూళ్లు కట్టడం ఆలస్యమవుతుంది, పిల్లలు ఎదిగేలోగా చెరువులు అడుగంటుతాయి. అలాంటి ఏడాది ఆ పక్షులను ఆదుకోవలసింది ఏ అభయారణ్యం హద్దులోకీ రాని ఊరి చెరువు. ఆ చెరువులో పూడిక తీశారా లేదా అన్నది వన్యప్రాణి సంరక్షణ పని అని మనం ఇంకా ఒప్పుకోలేదు. మీలో చాలామందికి మనసంతా పులి మీద, కోర్ ఏరియా మీద ఉంటుందని నాకు తెలుసు. పిల్లలూ, ఆ విషయంలో మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. పులిని ప్రేమించడం సులువు. చెరువు అలుగునూ, వాగు గట్టునూ పట్టించుకునే ఓపిక మీకు రావాలి.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఉంది. భూమికి ఇంత కరువున్న చోట జంతువుల దారులంటూ మళ్లీ పేదవాడి నేలకే ఎసరు పెడతారా అని అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. కవ్వాల్, తాడోబా అడవుల మధ్య పులుల దారిని కాపాడేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025లో కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తే ఆదివాసులు రోడ్డెక్కారు, ఆ జీవోను ప్రభుత్వం పక్కన పెట్టింది. ఆ దారి పులులకు అవసరమేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనిషిని ముందుగా అడగకుండా గీసిన గీత నిలబడదు. జంతువు మాత్రం మన గీత కోసం ఆగదు. చిత్తూరు జిల్లాకు రెండు శతాబ్దాల తర్వాత, 1980లలో, తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. ఏనుగు ముందు వచ్చింది, కాగితం తర్వాత వచ్చింది. మధ్యలో పంట పోగొట్టుకున్న రైతుకు పరిహారం వెంటనే అందకపోతే జంతువుకు ఏ దారీ మిగలదు.

వానలు ఎక్కడ పెరుగుతాయో, ఎక్కడ తగ్గుతాయో కచ్చితంగా తెలియనప్పుడు ఇప్పుడే ఎందుకు తొందర అని అడిగేవారూ ఉన్నారు. ఏ జీవి ఎటు పోతుందో ముందే తెలిస్తే ఆ ఒక్క చోటు కొని కాపాడుకోవచ్చు. తెలియదు కాబట్టే ఎక్కువ దారులు తెరిచి ఉంచాలి. అది అసాధ్యమేమీ కాదు. దాదాపు ఎనభై ఐదేళ్లు ఎవరికీ కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో దొరికింది, దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దాని నివాసానికి అడ్డం వస్తే కాలువ దారినే మార్చారు. ఆ పిట్ట పొదలు మరీ దట్టమైన చోటా ఉండదు, మరీ పలచనైన చోటా ఉండదు. ఆ పొదల మందాన్ని నిర్ణయించేది చాలావరకు అక్కడ మేకలు మేపేవాళ్లు, కట్టెలు కొట్టుకునేవాళ్లు. వాళ్లను బయటికి పంపేసి ఆ నేలను కాపాడడం కుదరదు. అందుకే మొదటి ఉద్యోగంలో మీ పరిధిలోని అభయారణ్యం నుంచి పక్క అడవి దాకా ఉన్న డొంకలు, వాగు పోరంబోకులు, చెరువు శిఖాలు, బీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో నడిచి చూడండి. మేకల కాపరిని వెంట తీసుకెళ్లండి, సర్పంచితో కూర్చోండి, రెవెన్యూ రికార్డు తెరిపించండి. రోడ్డు కింద తూము ఎక్కడ వేయాలో గుత్తేదారు పని మొదలుపెట్టకముందే ఇంజినీరుకు చెప్పండి.