గొంతు విడదీసింది ఏఐ, పాట కట్టింది మనిషి

"ఏఐ బాణీలు కట్టేస్తోంది కదా మాస్టారూ, ఇంక నేర్చుకోవడం దేనికి?" అని మొన్న నా శిష్యుడు కీబోర్డ్ క్లాసు మానేస్తానన్నాడు. వెంటనే జవాబు తోచలేదు నాకు. తర్వాత బీటిల్స్ వాళ్ల 'నౌ అండ్ దెన్' వినిపించాను.

1970ల చివర్లో జాన్ లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్‌లో పాడుకున్న పాట అది. 1995లో మిగతా ముగ్గురూ ప్రయత్నించారు. పియానోలో గొంతు మునిగిపోయిందని వదిలేశారు. చివరికి ఏఐ ఆ గొంతును విడదీసింది. 2023లో పాట వచ్చింది.

మరి లెనన్ పాడినదాంట్లో ఒక భాగం వద్దని తీసేసిందెవరు? మనుషులే కదా!

"ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలియడానికేరా ఈ సాధన" అన్నాను. మర్నాడు క్లాసుకొచ్చాడండీ. ఉంటాను మరి.