ఐరన్ డ్యూక్

ఆంగ్లదేశమున రైలుబాటల వెడల్పును గూర్చిన వివాదము చెలరేగి, రైలుబాటల నిర్మాతయగు స్టీఫెన్‌సన్ అనుయాయులు 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళముల బాటనే సమర్థించుచుండగా, గ్రేట్ వెస్టరన్ రైల్వే ఇంజనీరగు బ్రూనెల్ తన 7 అడుగుల బాటను విడువక పట్టుకొనియున్న కాలమున, ఆ రైల్వే ఇంజనుల పర్యవేక్షకుడు, ఇంకను ముప్పదియేండ్లు నిండని డేనియల్ గూచ్ 1846లో స్విండన్ కర్మాగారమున 'గ్రేట్ వెస్టరన్' అను ఇంజనును కేవలము 13 వారములలో నిర్మించెను. బరువెక్కువై దాని ముందటి ఇరుసు విరుగగా, గూచ్ అచ్చట మరియొక జత చక్రములను చేర్చెను.

ఆ అనుభవముతో 1847లో వెలువడినదే వెల్లింగ్టన్ ప్రభువు బిరుదమును దాల్చిన 'ఐరన్ డ్యూక్' తరగతి. నిలువెత్తు మనిషిని మించిన 8 అడుగుల చక్రము ఒక్కమారు తిరిగినంతనే బండి సుమారు 25 అడుగులు సాగుచుండెను, వేగరహస్యమంతయు నదియే. తలపై కప్పైన లేక, డ్రైవరు వానలో తడియుచునే దానిని నడుపవలసియుండెను, పాపము!

1892లో బ్రూనెల్ వెడల్పు బాట అంతరించినది. 1851 నాటి లండను మహాప్రదర్శనమున జనులకు కనువిందు చేసిన, ఐరన్ డ్యూక్ తరగతికే చెందిన 'లార్డ్ ఆఫ్ ది ఐల్స్'ను కొంతకాలము భద్రపరచియు, 1906లో స్థలము చాలదని తుక్కు చేసిరి. అది క్షమింపరాని పనియని నా అభిప్రాయము.